స్వతంత్ర పార్టీ - ఉద్దానం రైతు: ఒక ఉదారవాద పక్షం చరిత్ర

ఉదారవాదం అనగానే రాజనీతి శాస్త్ర విద్యార్థులకు ఇంగ్లండు స్ఫురించుట సహజము. 1859లో లండను నగరంలో విగ్గులు, పీలైట్లు, రాడికల్ సభ్యులు ఏకమై లిబరల్ పార్టీని నెలకొల్పినారు. గ్లాడ్‌స్టన్ నాయకత్వంలో ఆ పార్టీ పలుమార్లు అధికారం చేపట్టినది. 1906 ఎన్నికలలో ఘన విజయం సాధించినది. అట్టి పార్టీకి 1951 నాటికి కామన్స్ సభలో 6 స్థానాలు మాత్రమే మిగిలినవి. 1988లో అది సోషల్ డెమొక్రాటిక్ పార్టీతో విలీనమైనది.

లండనులో ఆ పక్షం పుట్టిన నూరేండ్లకు, 1959లో, మన దేశంలో స్వతంత్ర పార్టీ పుట్టినది. దాని చరిత్రలో మన శ్రీకాకుళం జిల్లాకు చెప్పుకోదగిన స్థానమున్నది. దూరదేశపు పార్టీల పేర్లు కంఠస్థం చేసే మన విద్యార్థులు సోంపేట, టెక్కలి, పలాస ప్రాంతాల రాజకీయ చరిత్రను కూడ తెలిసికొనవలెనని ఈ వ్యాసం వ్రాయుచున్నాము.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా తీర్మానించినది. రైతు భూమిపై హక్కు నామమాత్రమగునని రాజాజీ, ఆచార్య ఎన్.జి. రంగా, మినూ మసానీ ప్రభృతులు ఈ తీర్మానాన్ని ఎదిరించినారు. ఆ ఏడాదిలోనే స్వతంత్ర పార్టీ అవతరించినది. ఆక్స్‌ఫర్డులో చదివిన నిడుబ్రోలు రైతుబిడ్డ రంగా గారు దాని అధ్యక్షులైనారు. లైసెన్సులు, పర్మిట్లతో సాగే పాలనపై రాజాజీ నిశిత విమర్శలు చేసినారు. పార్టీ మూలసూత్రాలు 21. వాటికి వెలుపలి విషయాలలో సభ్యులు తమ అభిప్రాయం ప్రకారం మాట్లాడవచ్చును, ఓటు వేయవచ్చును. క్రమశిక్షణ పేరిట నోళ్లు మూయించే పార్టీల నడుమ ఇది అరుదైన నియమము.

శ్రీకాకుళంలో ఈ పార్టీకి పునాది వేసినవారు బారువ గ్రామంలో 1909లో జన్మించిన సర్దార్ గౌతు లచ్చన్న గారు. జాతీయోద్యమంలో జైలుకు వెళ్లినవారు, జమీందారీ వ్యతిరేక పోరాటంలో రైతుల పక్షాన నిలిచినవారు. 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగినది. అదే ఏడాది మందస జమీందారీలో జరిగిన కాల్పులలో వీర గున్నమ్మ ప్రాణాలర్పించినది. ఆ నేలలో భూమి హక్కు పుస్తకాలలోని మాట కాదు, రక్తం చిందించి సంపాదించినది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయినవి. చేతికి వచ్చిన పట్టా పదేండ్లు తిరుగకముందే ఉమ్మడి క్షేత్రంలో కలిసిపోవునేమో అన్న శంక చిన్న రైతుకు కలిగినదనుటలో వింత లేదు. స్వతంత్ర పార్టీ ఇచ్చట వేళ్లూనుటకు ఇదియే ముఖ్య కారణమని మేము భావించుచున్నాము. రంగా గారు 1951లో స్థాపించిన కృషికార్ లోక్ పార్టీ అప్పటికే దీనికి దారి వేసియుండెను.

1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 స్థానాలు పొందిన స్వతంత్ర పార్టీ 1967లో 29 స్థానాలు గెలుచుకొన్నది. అదే ఏడాది లోక్‌సభలో దాని బలం 44కు పెరిగినది. లచ్చన్న గారు 1967లో సోంపేట శాసనసభ స్థానంతోపాటు శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలోను గెలుపొందినారు. ఆయన లోక్‌సభ స్థానాన్ని వదలుకొనగా జరిగిన ఉప ఎన్నికలో రంగా గారు ఎన్నికైనారు.

అయితే ఆ పార్టీలోని వైరుధ్యం మన పొలిమేరలోనే కనిపించును. ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సా. అచ్చట స్వతంత్ర పార్టీకి బలం సమకూర్చినది సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్తు. 1967లో అచ్చట ముఖ్యమంత్రియైన ఆర్.ఎన్. సింగ్ దేవ్ పూర్వపు పాట్నా సంస్థానాధిపతి. ఇవతల జమీందారుతో పోరాడినవారు, అవతల సింహాసనం దిగినవారు ఒకే జెండా పట్టినారు. ఇరువురూ కోరినది స్వేచ్ఛయే. కాని ఎవరి స్వేచ్ఛ, ఎవరి నుండి?

ఆ ప్రశ్న మూడవవాడి విషయంలో మరింత తీవ్రమగును. పట్టా ఉన్నవానికి ఆస్తిహక్కు రక్ష. సెంటు భూమి లేని తోట కూలీకి, అప్పుల పాలైన గిరిజనునికి ఆ హక్కు వలన ఒరిగేదేమి? 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కాల్పులలో ఇద్దరు గిరిజనులు మరణించినారు. తరువాత చెలరేగిన సాయుధ పోరాటం ఉద్దానం పల్లెలకు కూడ వ్యాపించినది. స్వతంత్ర పార్టీ ఘన విజయం, ఆ పోరాటానికి నాంది, ఒకే జిల్లాలో ఒకే ఏడాది సంభవించినవి. ఇది విద్యార్థులు తప్పక ఆలోచించవలసిన విషయము.

1971లో లోక్‌సభలో పార్టీ బలం 8కి పడిపోయినది. శ్రీకాకుళం స్థానం కాంగ్రెసు అభ్యర్థి బొడ్డేపల్లి రాజగోపాలరావు గారికి దక్కినది. 1972లో రాజాజీ కన్నుమూసినారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో విలీనమైనది.

పార్టీ అంతరించినది గనుక దాని భావాలన్నియు వ్యర్థమనుట న్యాయం కాదు. అనుమతుల పాలనపై అది చేసిన విమర్శలో కొంత 1991 నాటి ఆర్థిక సంస్కరణలలో విధానంగా మారినది. అధిక సంఖ్యాకుల నిర్ణయమే సర్వస్వం కాదు, ఒంటరి మనిషికి కూడ తన మాట చెప్పుకొనే హక్కున్నది అనునది ఉదారవాదపు సారము. సంఖ్యలో తక్కువైన ప్రతి సమాజానికి ఆ సూత్రం ఊపిరి వంటిది. తెలుగులో స్వేచ్ఛ, ఉర్దూలో ఆజాదీ అని పలికే మన కళాశాల విద్యార్థులకు దీనిని వేరుగా వివరింపనక్కరలేదు.

కాని తన పట్టాను కాపాడుకొనే స్వేచ్ఛ ఎంత విలువైనదో, పట్టా లేనివాడు తలయెత్తి బ్రతికే స్వేచ్ఛ కూడ అంతే విలువైనది. మొదటిదానిని గట్టిగా చెప్పిన స్వతంత్ర పార్టీ రెండవదానికి తగిన సమాధానం చెప్పలేకపోయినది. ఏ పార్టీ ప్రణాళిక చేతికి వచ్చినను, అందులో ఈ రెండు స్వేచ్ఛలకును చోటున్నదా అని విద్యార్థులు మొట్టమొదట పరిశీలింతురు గాక.