ఉప్పు, నీరు, జీవకణము

మన పత్రికలో సామాన్యముగా నూలు, అద్దకము, సంఘపు లెక్కలను గూర్చిన పాఠములు వచ్చుచుండును. ఈసారి శరీరశాస్త్ర పాఠమొకటి వ్రాయుచున్నాము. చేయి బాగున్ననే మగ్గము నడచును గదా! వేసవిలో చెమట, వానకాలమున బిడ్డల విరేచనములు మన ఇండ్లలో పనిదినములను, ఒక్కొక్కప్పుడు ప్రాణములను గూడ హరించుచున్నవి. ఈ రెండింటి వలన శరీరమునకు కలుగు నష్టమేమో తెలిసికొనుటకు ఒకే సూత్రము ఆధారము. దానిని ద్రవాభిసరణము అందురు.

ద్రవాభిసరణమనగా నేమి?

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచినచో మరునాటికి ఊట దిగును. ఆ నీరు మనము పోసినది కాదు, ముక్కలలోనిదే. ఎండుద్రాక్షను మంచినీటిలో వేసినచో ఉబ్బును. ఇచ్చట నీరు లోపలికి పోయినది. నీటిని పోనిచ్చి ఉప్పును, చక్కెరను ఆపు సన్నని పొర ఒకటి నడుమ ఉన్నచో, నీరు పలుచని వైపు నుండి చిక్కని వైపునకు పోవును. ఇదియే ఆ సూత్రము. నూలు చిలప నీటిని పీల్చుట వేరు సంగతి. అది పోగుల సందులలోనికి నీరు ఎక్కుటయే గాని, ఇట్టి పొర గుండ జరుగు పని కాదు.

కణములలో నీరు

మన శరీరపు బరువులో ఇంచుమించు నూటికి 60 పాళ్లు నీరే. అందులో మూడింట రెండు వంతులు కణముల లోపల ఉన్నది. మొక్కల కణములకు పొర చుట్టును గట్టి గోడ కలదు. మనుష్యులు, ఆవులు, మేకలు మొదలగు క్షీరదముల కణములకు పొర మాత్రమే కలదు. ఎర్ర రక్తకణములను ఉత్త నీటిలో వేసినచో ఉబ్బి పగులును, మిక్కిలి ఉప్పునీటిలో వేసినచో ముడుచుకొనును. లీటరుకు 9 గ్రాముల ఉప్పు గల నీటిలో ఉన్నవి ఉన్నట్లుండును. ఆసుపత్రులలో నరములకు ఎక్కించు సెలైను పాళము ఇదియే.

అయితే కణము లోపల మాంసకృత్తులు మొదలగునవి నిండియున్నవి. అవి నీటిని లోపలికి లాగుచునే యుండును. కణము పగులకుండుటకు కారణము దాని పొరలోని ఒక పంపు. అది ప్రతి విడతకు 3 సోడియం అణువులను బయటికి తోసి, 2 పొటాషియం అణువులను లోనికి తీసికొనును. దీనిని 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ వెల్లడించెను. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. నీరు పోవుటకు పొరలో ప్రత్యేకమైన ద్వారములున్నవని 1992లో అమెరికాలో పీటర్ ఆగ్రే బృందము చూపినది. ఆయనకు 2003లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఈ పంపు నడచుటకు ప్రాణవాయువు, ఆహారము కావలెను. అవయవమునకు రక్తము అందనిచో పంపు ఆగును, ఉప్పు లోనికి చొరబడును, దాని వెంట నీరు పోవును, కణము వాచును. అందుచేతనే ఒకరి మూత్రపిండమును మరొకరికి అమర్చుటకు తీసికొనిపోవునపుడు, కణములోనికి సులభముగా చొరబడని పదార్థములు కలిపిన ప్రత్యేక ద్రావణముతో చల్లగా ఉంచుదురు.

మూత్రపిండము, మెదడు

మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు తిరిగి రక్తమునకు చేర్చును. నీరు తక్కువైనపుడు మూత్రపిండపు లోభాగము రక్తము కంటె సుమారు నాలుగు రెట్లు చిక్కనై నీటిని వెనుకకు లాగును. మూత్రము ముదురు పసుపు రంగగుటకు కారణమిదియే.

మెదడు గట్టి పుర్రెలో బందీ. ఉప్పు బాగుగా పోయినవారు ఉత్త నీటినే అమితముగా త్రాగినచో రక్తము పలుచనై, నీరు మెదడు కణములలోనికి పోవును. అవి వాచుటకు చోటు లేదు. తలనొప్పి, వాంతి, ఫిట్లు రావచ్చును. అంతమాత్రమున నీటికి భయపడరాదు. సామాన్యముగా చెమట పట్టిన రోజున నీరు, వేళకు భోజనము చాలును. గంటల తరబడి చెమట కారినపుడు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. రక్తపుపోటు, మూత్రపిండ వ్యాధి గలవారు ఉప్పు విషయము వైద్యునడిగి తెలిసికొనవలెను.

విరేచనములకు మందు

ప్రేగు కణములు చక్కెరతో బాటు ఉప్పును లోనికి తీసికొనును, వాని వెనుక నీరు వచ్చును. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ సంగతిని ప్రతిపాదించెను. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బన్గావ్ శరణార్థుల శిబిరములో సెలైను చాలనపుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని త్రాగించెను. నూటికి 30 వరకున్న మరణములు నాలుగింటి లోపునకు దిగినవి.

ఇంటిలో చేయవలసినది ఇది. ఓ.ఆర్.ఎస్. పొట్లము ఒకటి, దానిపై వ్రాసినంత శుభ్రమైన నీటిలో మొత్తము కలుపవలెను. పొట్లము లేనిచో లీటరు నీటికి సమముగా గీచిన టీ చెంచాలు చక్కెర 6, ఉప్పు అర చెంచా. ఉప్పు ఎక్కువైనచో ఊరగాయ ముక్క వలెనే బిడ్డ కణముల నుండి నీరు బయటికి పోవును, గావున కొలత తప్పరాదు. రెండేండ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు 100 నుండి 200 కొద్దికొద్దిగా త్రాగించవలెను. తల్లిపాలు మానరాదు. జింకు మాత్రలు వైద్యుడు చెప్పినట్లు 10 నుండి 14 దినములు ఇవ్వవలెను.

కన్నులు లోతుకు పోవుట, మూత్రము రాకుండుట, మత్తుగా పడియుండుట, త్రాగలేకుండుట, విరేచనములో రక్తము కనబడుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను మగ్గము దిగి బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చీర రేపు దింపవచ్చును.

రెండు పొట్లములు ప్రతి ఇంట ఉండవలెనని, ఈ పాఠమును చదువురాని పెద్దలకు గూడ చదివి వినిపింపవలెనని సభ్యులను కోరుచున్నాము.