పాలు తాగొచ్చా, డాక్టరమ్మా?

ఈసారి బాన్సువాడ నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాల గురించే ఉన్నాయి. ఇంటింటా పాడి ఉన్న ప్రాంతం అది. అక్కడివారే గ్లాసెడు పాలు చేతిలో పట్టుకుని తాగాలా వద్దా అని భయపడుతున్నారంటే, వాళ్ల చెవిన ఎన్ని మాటలు పడి ఉంటాయో అర్థమవుతోంది. అందుకే ఈ వారం వేరే ఉత్తరాలను పక్కన పెట్టాను.

ప్రశ్న: మా బాబుకు ఐదో నెల. నా పాలు చాలట్లేదని మా అత్తమ్మ పది రోజులుగా ఆవు పాలలో సగం నీళ్లు కలిపి పట్టిస్తోంది. నర్సమ్మ చూసి కోప్పడింది. అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. బాబుకు ఏమన్నా అవుతుందా?
- ఒక తల్లి, బాన్సువాడ

సమాధానం: స్థిమితపడండి అమ్మా. బాబు చురుగ్గా ఉండి పాలు బాగా తాగుతుంటే, ఈ పది రోజుల వల్ల భయపడాల్సింది ఏమీ లేదు. ఈరోజు నుంచి ఆపేస్తే చాలు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు ఒక్కటే ఇవ్వాలి, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత మెత్తటి అన్నం, పప్పు మొదలుపెట్టినా, ఏడాది నిండేదాకా ఆవు పాలను ముఖ్య ఆహారంగా పట్టకూడదు. వాటిలో మాంసకృత్తులు, లవణాలు తల్లిపాలలో కన్నా చాలా ఎక్కువ, పసివాడి మూత్రపిండాలకు అది భారం. ఐరన్ దాదాపుగా ఉండదు. పైగా కొందరు పసిపిల్లల్లో పేగుల నుంచి కంటికి కనపడనంత కొద్దిగా రక్తం పోతుంటుంది. నీళ్లు కలిపితే ఐరన్ లోటు తీరదు సరికదా, బిడ్డకు అందాల్సిన బలం సగానికి పడిపోతుంది.

మీ పాలు చాలుతున్నాయో లేదో బాబు ఏడుపును బట్టి తేల్చకండి. రోజుకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో మూత్రం పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. మీ ఊళ్లోని మాతాశిశు ఆసుపత్రి తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా 2022లో జాతీయ గుర్తింపు పొందింది. అక్కడికి వెళ్లి బాబును ఎలా పట్టుకుని పాలివ్వాలో ఒకసారి దగ్గరుండి చూపించమనండి. అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లండి, మనవడు ఆకలితో ఏడుస్తుంటే చూడలేకే ఆమె ఆ పని చేసి ఉంటారు. బాబు పాలిపోయినట్టు కనిపించినా, మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా మాత్రం అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. అన్నం ముద్ద నోట్లో పెట్టనివ్వదు. పాలైతే సీసాతో రోజుకు లీటరు తాగుతుంది. పాలు బలమే కదా అనుకున్నాం. ఇప్పుడు ముఖం తెల్లగా పాలిపోయింది, మట్టి తింటోంది. చాలా భయంగా ఉంది.
- ఒక తల్లి, వర్ని

సమాధానం: మీరు గమనించిన రెండు గుర్తులూ రక్తహీనతవే అయి ఉండొచ్చు. అది మందులతో బాగా నయమవుతుంది కాబట్టి దిగులు పడకండి. పాలతోనే కడుపు నిండిపోతే ఐరన్ ఉన్న తిండికి చోటుండదు. ఈ వారంలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, డాక్టర్ చెప్పినన్ని రోజులు ఐరన్ మందు వేయండి. సీసా మానిపించి గ్లాసుతో ఇవ్వండి, పాలు రోజు మొత్తానికి 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటనివ్వకండి. మొదటి రెండు మూడు రోజులు మారాం చేస్తుంది. ఆకలి తెలిస్తే పప్పన్నం, గుడ్డు, ఆకుకూర దానంతట అదే తింటుంది. ఆయాసపడినా, ఆడకుండా పడుకునే ఉన్నా వారం ఆగొద్దు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పాలు తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం, గుడగుడలు, ఒక్కోసారి విరేచనాలు. చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. పేగుల్లో పెద్ద జబ్బేమన్నా ఉందా?
- ఒక ఉపాధ్యాయుడు, పిట్లం

సమాధానం: మీరు రాసిన లక్షణాలు పెద్ద జబ్బును సూచించడం లేదు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ వయసు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. దీన్ని లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్ అంటారు. మన దేశంలో ఉత్తరాదివారి కన్నా దక్షిణాదివారిలో ఇది ఎక్కువ. అలాగని పాలు పూర్తిగా మానాల్సిన పని లేదు: చాయ్‌లో పోసుకునే పాలు, అన్నంతోపాటు కొద్దిగా తీసుకునే పాలు చాలామందికి పడతాయి. పెరుగు, సల్ల ఇంకా బాగా పడతాయి, తోడుకున్నప్పుడు ఆ చక్కెర కొంత తగ్గుతుంది. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, రాత్రి నిద్రలోంచి లేచి విరేచనానికి పోవాల్సి వస్తున్నా కారణం పాలు కాకపోవచ్చు, పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మా ఆవును నెల కింద కుక్క కరిచింది. మొన్న నోట నురగ కక్కుతూ, వింతగా అరుస్తూ చచ్చిపోయింది. ముందురోజు దాకా దాని పాలతో చాయ్ తాగినం, పెరుగు తిన్నం. పక్కింటికి కూడా పోసినం. ఊరంతా మా ఇంటి మీదికి వస్తున్నారు. మేం బతుకుతమా?
- ఒక రైతు, బీర్కూర్

సమాధానం: ఈ ఉత్తరానికి అచ్చయ్యేదాకా ఆగకుండా విడిగా జవాబు పంపాను. అయినా ఇలాంటి భయం ఏ ఊళ్లోనైనా రావచ్చు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. కాచిన పాలు తాగినవారికి, ఆ పాలు తోడేసిన పెరుగు తిన్నవారికి రేబిస్ రాదు, మరిగించే వేడికి ఆ వైరస్ చచ్చిపోతుంది. కాబట్టి చాయ్ తాగిన పక్కింటివారు నిశ్చింతగా ఉండొచ్చు.

జాగ్రత్త పడాల్సింది వేరేవాళ్లు. జబ్బుపడిన ఆవు నోట్లో చెయ్యి పెట్టి మందు పోసినవారు, దాని చొంగ చేతి మీది గీతకో పుండుకో తగిలినవారు, కంట్లో నోట్లో పడినవారు వెంటనే సబ్బు పెట్టి ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడుక్కుని ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో, నోట్లో పడితే సబ్బు లేకుండా నీళ్లతోనే కడగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితం. మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. గాయానికి చొంగ తగిలితే దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. రోజులు గడిచాయి కదా అని మానొద్దు, ఆలస్యంగానైనా వేయించుకోవాల్సిందే. కాచని పాలు తాగినవారికి ప్రమాదం చాలా తక్కువే, అయినా డాక్టర్‌తో మాట్లాడి టీకా సంగతి తేల్చుకోండి. ఆవు ఎలా చనిపోయిందో పశువుల డాక్టర్‌కు చెప్పండి, దానితో తిరిగిన లేగదూడను వేరుగా కట్టేయండి.

ప్రశ్న: మూడు వారాలుగా సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, నడుము, కీళ్లు ఒకటే నొప్పులు. టైఫాయిడ్ అన్నారు, మందు వాడినా తగ్గలేదు. మాకు ఆరు బర్రెలు. ఈమధ్య ఒకటి నెలలు నిండకుండానే ఈసుకపోయింది, నేనే చేత్తో శుభ్రం చేశాను. పొద్దున్నే పొదుగు దగ్గరి పచ్చిపాలు తాగడం నాకు అలవాటు.
- ఒక పాడి రైతు, నస్రుల్లాబాద్

సమాధానం: మీరు బర్రె సంగతి కూడా రాయడం మంచిదైంది, చాలామంది డాక్టర్‌కు ఆ మాటే చెప్పరు. పశువుల్లో గర్భస్రావం కలిగించే బ్రుసెల్లోసిస్ మనుషులకు పచ్చిపాల ద్వారా, పడిపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టుకోవడం ద్వారా అంటుకుంటుంది. ఇప్పుడే జబ్బు అదేనని చెప్పలేను. క్షయ వంటి వాటికీ ఇలాంటి లక్షణాలే ఉంటాయి. కానీ ఆ అనుమానం చెప్పి రక్తపరీక్ష చేయమని అడగండి. అదే అయితే రెండు రకాల మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. వృషణాల వాపు, తీవ్రమైన తలనొప్పి, నడవలేనంత నడుమునొప్పి ఉంటే వెంటనే వెళ్లాలి.

ఇక పచ్చిపాలు. పొదుగు దగ్గరి పాలలో బలం ఎక్కువని తరతరాలుగా నమ్ముతున్నాం. ఆ నమ్మకాన్ని వదులుకోమని పాడి రైతులందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. ఒక పొంగు వచ్చేదాకా కాచడంతో పాలలో పోయే బలం చాలా కొంచెం, తప్పే రోగాలు మాత్రం చాలా. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడలకు బ్రుసెల్లోసిస్ టీకాను 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తారు. మీ పశువైద్యశాలలో అడగండి.

ప్రశ్న: నిజాంసాగర్ చేపల పులుసు తిని, మరిచిపోయి రాత్రి పాలు తాగాను. బొల్లి వస్తుందని మా పిన్ని ఏడుస్తోంది. నాకు వచ్చే నెల పెళ్లి.
- ఒక అమ్మాయి, నిజాంసాగర్

సమాధానం: రాదమ్మా. బొల్లి అంటే చర్మానికి రంగునిచ్చే కణాలను మన శరీరమే పొరపాటున దెబ్బతీయడం. చేపలకు, పాలకు దానితో సంబంధం లేదు. చేపలు పడనివారికి దద్దుర్లు, దురద వస్తే కొన్ని గంటల్లోనే వస్తాయి, మీకు రాలేదు. పిన్నికి ధైర్యం చెప్పి పెళ్లి పనులు చూసుకోండి.

ప్రశ్న: పాలకోసం బర్రెకు ఇంజెక్షన్ ఇస్తారట. ఆ పాలు తాగడం వల్లే మా పాప 11 ఏళ్లకే పెద్దమనిషైందని అంటున్నారు. నా చేతులతో నేనే తాగించాను.
- ఒక తల్లి, బోధన్

సమాధానం: మీ చేతులు ఏ తప్పూ చేయలేదు. 11 ఏళ్లకు రజస్వల కావడం మామూలే. చేపు రావడానికి ఇచ్చే ఆ ఇంజెక్షన్ ఆక్సిటోసిన్. అది పాలలో ఉన్నా మన కడుపులో మాంసకృత్తుల లాగే అరిగిపోతుంది, ఆడపిల్లల ఎదుగుదలను ముందుకు జరిపే హార్మోను కూడా కాదు. ఆ ఇంజెక్షన్ పశువుకు హింస, జంతుహింస నివారణ చట్టం దాన్ని నిషేధించింది. మానాల్సింది అందుకు. ఎనిమిదేళ్లు నిండకముందే రొమ్ములు పెరగడం మొదలైతే, నెలసరి వారం దాటి ఆగకపోతే డాక్టర్‌కు చూపించాలి. ఇప్పుడు మీ పాపకు కావలసింది మీరు ధైర్యంగా కనిపించడం.

ప్రశ్న: ఏ2 పాలే తాగాలి, ప్యాకెట్ పాలు విషం అంటున్నారు. లీటరుకు రెట్టింపు ధర. అంత పెట్టలేకపోతున్నాను, పిల్లలకు అన్యాయం చేస్తున్నానా?
- ఒక తండ్రి, బాన్సువాడ

సమాధానం: లేదు. ఏ1, ఏ2 అనేవి పాలలోని ఒక మాంసకృత్తులో ఉండే చిన్న తేడా. ఏ1 పాల వల్ల జబ్బులు వస్తాయనడానికి ఆధారం లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశీలించి చెప్పింది. మన నాటు ఆవుల పాలు, బర్రె పాలు ఎక్కువగా ఏ2 రకమే, మీ వాడకట్టులో పోసే బర్రె పాలకు ఆ పేరు ఎవరూ పెట్టలేదంతే. ఆ మిగిలే డబ్బుతో పిల్లలకు గుడ్లు, పండ్లు కొనండి.

ప్రశ్న: పాలలో యూరియా, సర్ఫు కలుపుతున్నారని విని చాయ్ కూడా మానేశాం.
- ఒక కుటుంబం, కోటగిరి

సమాధానం: మీ భయానికి కొంత కారణం ఉంది, కానీ చాయ్ మానేంత కాదు. భారత ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే కల్తీ తేలినవి 12. వాటిలో ఎక్కువ మన తెలంగాణవే కావడం బాధాకరం. సబ్బు అనుమానం ఉంటే కొన్ని పాలలో అన్నే నీళ్లు పోసి గట్టిగా గిలకొట్టండి: చిక్కటి నురగ నిలిస్తే అనుమానించాలి, పలచటి పొర మామూలే. ఆ సర్వేలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే విషయం. 368 నమూనాల్లో అఫ్లాటాక్సిన్ పరిమితికి మించి ఉంది, బూజు పట్టిన దాణా తిన్న పశువు నుంచి పాలలోకి వచ్చే విషం అది. కాచినా పోదు. పాడి ఉన్నవారు తడిసి బూజుపట్టిన చెక్క, మక్క పశువులకు పెట్టకండి.

ప్రశ్న: ఏడో నెల. ఐరన్ గోళీ చేదుగా ఉందని పాలతో మింగుతున్నాను. రక్తం పెరగట్లేదు.
- ఒక గర్భిణి, జుక్కల్

సమాధానం: పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గోళీ నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుని, పాలు, చాయ్, కాల్షియం గోళీ రెండు గంటల తేడాతో తీసుకోండి. మలం నల్లగా రావడం మామూలే. ఆయాసం, గుండెదడ, కాళ్లతోపాటు ముఖం వాచడం ఉంటే వెంటనే వెళ్లండి.

ప్రశ్న: మూత్రపిండంలో రాయి పడింది. పాలు, పెరుగు ముట్టొద్దని అందరూ అంటున్నారు.
- ఒక పాఠకుడు, ఎల్లారెడ్డి

సమాధానం: మామూలుగా వచ్చే కాల్షియం ఆక్సలేట్ రాళ్లకు పాలు మానడం మేలు చేయదు. భోజనంలోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టి ఉంచుతుంది, మానేస్తే అది మూత్రంలోకి చేరుతుంది. నీళ్లు బాగా తాగండి, ఉప్పు తగ్గించండి. మూత్రపిండాల పనితీరే తగ్గినవారి సంగతి వేరు, వారు డాక్టర్ చెప్పిన కొలతనే పాటించాలి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా అది అత్యవసరం.

ప్రశ్న: మా మనవడికి ఏడేళ్లు. పాలు చూస్తేనే వాంతి. బతిమాలి, కొట్టి తాగిస్తున్నాం. ఎముకలు పెళుసవుతాయేమో.
- ఒక నాయనమ్మ, బాన్సువాడ

సమాధానం: అమ్మా, కొట్టి తాగించాల్సినంత గొప్పవి కావు పాలు. మంచి ఆహారమే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో చాలంటుంది. దానితో ఆ రోజుకు కావలసిన కాల్షియంలో మూడో వంతు వస్తుంది. మిగతాది వేరే తిండి నుంచే రావాలి. పెరుగన్నం తింటే పాలు తాగినట్టే. అదీ వద్దంటే తైదల జావ, నువ్వుల లడ్డు, తోటకూర, మునగాకు, ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు ఉన్నాయి, రోజూ కాసేపు ఎండలో ఆడనివ్వండి. అయితే ఒకటి గమనించండి: పాలు తాగిన కొద్దిసేపటికే దద్దుర్లు లేచినా, పెదవులు ఉబ్బినా, పిల్లికూతలు వచ్చినా అది పాల ఎలర్జీ కావచ్చు, అప్పుడు పెరుగు కూడా పెట్టకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఊపిరాడకపోతే ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి.