పుల్లరి బాకీ

నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయాడు. ఆ తర్వాత సుమారు రెండు వందల ఏళ్లు తెలుగు భారతం అక్కడే ఉండిపోయింది. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వంతో ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. అరణ్యపర్వంలో మిగిలిన భాగం జోలికి మాత్రం పోలేదు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన దాన్ని పూరించి, నన్నయ తరఫునే రాసినట్టు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఇన్ని తరాల ఆలస్యం వల్ల భారతానికి వచ్చిన నష్టమేమీ లేదు.

అదే నెల్లూరు, అదే రాజు, అదే కొట్టరువు వంశం. కవి తిక్కనా, మనుమసిద్ధి సేనాని ఖడ్గ తిక్కనా అన్నదమ్ముల బిడ్డలు. ఖడ్గ తిక్కన ముందుకు వచ్చిన వ్యవహారం తరాల తరబడి ఆగేది కాదు.

కొమ్మువాళ్లు పాడే కాటమరాజు కథ అందరికీ కాకపోయినా పల్నాటి నుంచి నెల్లూరు దాకా చాలామందికి తెలిసిందే. కరువొచ్చి కాటమరాజు తన ఆలమందల్ని తోలుకుని దక్షిణానికి వస్తాడు. మనుమసిద్ధి తన సీమలో మేపుకోనిస్తాడు. బదులుగా పుట్టిన కోడెదూడల్ని పుల్లరి కింద ఇవ్వాలని ఒప్పందం. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలకను గొల్లలు చంపుతారు. ఆమె మనుషులు ఆవుల మీద పడతారు. మా ఆవుల్ని కాపాడని రాజుకు పుల్లరి ఎందుకివ్వాలని కాటమరాజు అడ్డం తిరుగుతాడు. రాయబారాలు నడుస్తాయి. రాజు పుల్లరి లెక్క అడుగుతాడు, కాటమరాజు ఆవుల లెక్క అడుగుతాడు. చిలక సంగతి చిలక చచ్చిన రోజునే తేల్చి ఉంటే పుల్లరి దాకా వచ్చేది కాదు. చివరికి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. ఖడ్గ తిక్కన అక్కడే పడిపోయాడు.

వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో పనినీ తగాదానీ ఒకే గాటన కట్టి ‘వాయిదా వేయకండి’ అంటారు. నేనొప్పుకోను. సగంలో వదిలిన పని చాలావరకు వదిలిన చోటే ఉంటుంది. తగాదాను వదిలి పక్కకు తిరిగితే, ఆ కాసేపట్లో అవతలి మనిషి తన కథ తాను కట్టుకుంటాడు. మనమూ కట్టుకుంటాం. మళ్లీ కూర్చునేసరికి ఒక్క తగాదా ఉండాల్సిన చోట మూడు ఉంటాయి, వాటిలో మొదటిది ఎవరికీ గుర్తుండదు. రెండూ మిగిలిపోతే ముందు తేల్చుకోవాల్సింది తగాదానే. మనం చేసేది మాత్రం తలకిందులు. ఇంటికి సున్నం వేయిస్తాం, పాత బిల్లులు కడతాం, తమ్ముడితో మాట్లాడాల్సిన మాట తప్ప అన్నీ ముగిస్తాం.

కొన్ని పనులైతే పనుల వేషంలో ఉన్న తగాదాలు. పెన్నా కింద వరి మడి పక్కనే రొయ్యల చెరువు ఉంటుంది. కౌలు నోటిమాట మీద, ఉప్పునీటి కాలువ ఎటు పోవాలన్నదీ నోటిమాట మీదే. అన్నదమ్ముల నాలుగెకరాలకు వాటాల కాగితం ఉండదు. ‘మన మధ్య కాగితాలేందబ్బా’ అన్న పెద్దమనిషి పోతాడు. సాక్షులూ పోతారు. పిల్లలకు పొలం అందుతుంది, ఆ మాట అందదు.

వదిలేయడం అన్నిసార్లూ తప్పు కాదు లెండి. తిక్కన తన నిర్వచనోత్తర రామాయణంలో రాముడి నిర్యాణం రాయలేదు, దాన్ని తర్వాత జయంతి రామభట్టు పూరించాడు. ఇక్కడితో చాలని ఆపడం వేరు, తేల్చలేక జారుకోవడం వేరు.

ఖడ్గ తిక్కన యుద్ధం నుంచి ఒకసారి ఇంటికి తిరిగొచ్చాడనీ, తల్లీ భార్యా ఎద్దేవా చేస్తే మళ్లీ వెళ్లి ప్రాణమిచ్చాడనీ చాటువులు చెబుతాయి. దీన్ని పౌరుషగాథగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అందులో మన ఇళ్లు కనిపిస్తాయి. తగాదా రేగిన రోజున ‘పోనీలే, గొడవలెందుకు’ అనే నోళ్లే, ముదిరిన రోజున ‘ఊరుకుంటావా?’ అని ఎగదోస్తాయి. ఈ రెండు రోజుల మధ్య ఎవరూ నోరు విప్పరు.

నెల్లూరు తీరాన మైపాడు, ఇసకపల్లి, తూపిలిపాళెం వైపు సముద్రంలోనూ ఇదే తంతు. తమిళనాడు నుంచి వచ్చే సోనాబోట్లనే మరపడవలు తీరానికి దగ్గరగా వేటాడి మన వలల్ని తెంపుకుపోతాయి. మనవాళ్లు ఒక బోటును పట్టుకొస్తారు. పంచాయితీ, జరిమానా, విడుదల. వల ఖరీదు తేలుతుంది, హద్దు సంగతి తేలదు. తర్వాతి వేటలో అదే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేటకు నిషేధం. అక్కడి బోట్లూ ఇక్కడివీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకునే కాలం అది, కోపం చల్లారిన కాలం కూడా. హద్దు గురించి కూర్చోవడానికి అంతకన్నా మంచి అదను లేదు. కానీ వల తెగితేగానీ మాటలు మొదలుకావు.

ఇళ్లలోనూ అంతే. సంక్రాంతికి అందరూ ఒకచోట చేరి నవ్వుకుంటున్నప్పుడు ‘ఇప్పుడెందుకు చెడగొట్టుకోవడం’ అనిపిస్తుంది. పండగ రోజు అక్కర్లేదు, ఆ వారంలోనే ఒక పూట చాలు. ఏళ్ల నాటి చిట్టా అంతా విప్పొద్దు, ఒక్క విషయమే ఎత్తండి. 2011లో బౌమైస్టర్, మసికాంపో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, మిగిలిపోయిన పనిని ఎప్పుడు ఎలా చేయాలో కచ్చితంగా అనుకున్నవాళ్లకు, పని ఇంకా మొదలుకాకముందే మనసులో దాని పీడ తగ్గింది. కాబట్టి మొదటి రోజే అంతా తేలాలని లేదు. ‘అన్నా, గట్టు ఒకసారి కొలిపిద్దాం, ఏ రోజైతే నీకు వీలు?’ అన్నంత మాట చాలు.

‘ఇప్పుడెందుకబ్బా, తర్వాత చూద్దాం’ అంటాడాయన. ఆ తర్వాత ఎప్పుడో తేదీ ఆయన్నే చెప్పమనండి.