మరచిపోయే తండ్రి ముందు 'ఉఫ్' అనకండి

ఇషా నమాజు ముగిసి గంట గడిచింది. మంచం మీద నుంచి పెద్దాయన అడుగుతారు: "బేటా, ఇషా అజాన్ అయిందా?" "అయింది అబ్బా, మీరు నమాజు కూడా చేశారు" అంటాడు కొడుకు. ఐదు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. ఆరోసారి కొడుకు నోట వచ్చేస్తుంది: "ఉఫ్! ఎన్నిసార్లు చెప్పాలి?" వించిపేటలోనైనా, బందరులోనైనా, గుడివాడ పక్క పల్లెలోనైనా ఇటువంటి ఇళ్లు మన మధ్య ఉన్నాయి.

దివ్యఖుర్ఆన్ 17వ సూరా 23, 24 ఆయతులలో అల్లాహ్ తన ఆరాధన గురించి ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల ప్రస్తావన తెచ్చాడు. వారిలో ఒకరు గాని ఇద్దరూ గాని 'నీ వద్ద' వృద్ధాప్యానికి చేరితే వారిని 'ఉఫ్' అని కూడా అనరాదనీ, కసురుకోరాదనీ, గౌరవంగా మాట్లాడాలనీ ఆదేశించాడు. కాస్త ఆలోచించండి. తెలివిగా మాట్లాడుతూ ఇల్లు నడిపే తండ్రిని 'ఉఫ్' అనవలసిన అవసరం ఎవరికి వస్తుంది? ఆ మాట నాలుక చివరకు వచ్చేది ఆయన మరచిపోయే రోజుల్లోనే. అంటే ఈ ఆజ్ఞకు అసలైన పరీక్ష ఇప్పుడే మొదలవుతుంది.

ఇది మొండితనం కాదు, వ్యాధి

కొందరు జీవితంలోని అత్యంత బలహీన దశకు చేర్చబడతారనీ, అన్నీ తెలిసిన తర్వాత ఏమీ తెలియనివారవుతారనీ అల్లాహ్ 16వ సూరా 70వ ఆయతులో తెలియజేశాడు. దైవప్రవక్త (స) స్వయంగా ఆ దశ నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. కనుక ఇది ఎవరి పాపానికీ గుర్తు కాదు, ఇంటి పరువుకు మచ్చ కాదు.

వైద్యులు దీన్ని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 100కి 7 మందికి పైగా, అంటే సుమారు 88 లక్షల మంది దీనితో జీవిస్తున్నారు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం మామూలు మరపు. తాళంచెవి దేనికో తెలియకపోవడం, రోజూ నడిచే మస్జిదు దారి తప్పడం, అన్నం తిని తినలేదనడం, సొమ్ము దొంగిలించారని ఇంటివారినే అనుమానించడం వ్యాధి లక్షణాలు కావచ్చు.

ఇటువంటివి కనిపించగానే కొందరు జిన్ను పట్టిందనీ, దిష్టి తగిలిందనీ తావీజుల కోసం తిరుగుతారు. దుఆ చేయండి, ఖుర్ఆన్ పఠించండి, అది మేలే. కాని వైద్యుణ్ణి ఆలస్యం చేయకండి. ముసలితనానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడనీ, వైద్యం చేయించుకోమనీ దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించారు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ జబ్బు, తీవ్రమైన దిగులు, కొన్ని మందుల ప్రభావం కూడా మతిమరుపు తెస్తాయి. ఇవి చికిత్సకు లొంగుతాయి. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా మతి తప్పితే ఇన్‌ఫెక్షనో పక్షవాతమో కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినా కొన్ని ఇబ్బందులను తగ్గించే మందులున్నాయి.

ఇంట్లో ఎలా మెలగాలి?

వాదించకండి. చనిపోయిన తన తల్లి ఎక్కడని అమ్మ అడిగితే, మరణ వార్తను ప్రతిసారీ కొత్తగా వినిపించి ఏడిపించకండి. "నానీమా గుర్తొచ్చారా? ఆమె చేసే వంట గురించి చెప్పమ్మా" అనండి. మీరు కసిరిన మాట ఆమె మరచిపోవచ్చు, ఆ బాధ మాత్రం మనసులో మిగులుతుంది.

ఒక్కసారి ఒక్క పనే చెప్పండి. "వుజూ చేసి, బట్టలు మార్చుకుని రండి" అంటే ఆయనకు అందదు. పక్కన నిలబడి "చేతులు కడుగుదాం" అనండి, తర్వాత "నోరు పుక్కిలిద్దాం" అనండి. చిన్నప్పుడు కంఠస్థం చేసిన సూరాలు చాలాకాలం నిలిచి ఉంటాయి. ఆయన పక్కన కూర్చుని మెల్లగా పఠించండి, పెదవులు కలుపుతారు.

మన డెల్టా ఊళ్లకు మరో జాగ్రత్త. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, వాటి పిల్లకాలువలు ఇళ్ల పక్కనుంచే పారుతాయి. తెల్లవారుజామున ఫజ్ర్ అనుకుని బయలుదేరిన పెద్దాయనకు ఆ గట్టు ప్రమాదం. జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి. మస్జిదు ఇమాముకూ, వీధి దుకాణదారుకూ విషయం చెప్పి ఉంచండి. దాచితే గౌరవం నిలవదు, మనిషి దూరమవుతారు.

నమాజు, రోజా, ఆస్తి

నిద్రలో ఉన్నవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు యుక్తవయస్సుకు వచ్చే వరకు, మతి లేనివాడికి మతి వచ్చే వరకు, ఈ ముగ్గురి విషయంలో కలం ఎత్తివేయబడిందని హదీసులో ఉంది. కనుక బుద్ధి పూర్తిగా తప్పినవారిపై నమాజు, రోజా విధి కావు. వ్యాధి తొలిదశలో తెలివి ఉండి, రకాతుల లెక్క మాత్రమే తడబడుతుంటే ఇంటివారు పక్కనుండి గుర్తు చేస్తూ చేయించవచ్చని హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలు చెబుతాయి. ఏ రోజు ఏ స్థితో తేల్చుకోలేకపోతే దగ్గరి ముఫ్తీని అడగండి. నమాజు తప్పిందని ఆయనను మందలించడం మాత్రం ధర్మం కాదు.

ఇక ఆస్తి మాట. ఏమి రాసిందో తెలియని తండ్రి చేత పొలం కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం హిబా కాదు, దోపిడీ. మతి బలహీనమైనవాని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా వ్యవహరించాలని 2వ సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. తెలివి బాగున్నప్పుడే ఆయన అప్పులు, బాకీలు, అమానతులు అడిగి సాక్షుల ముందు రాసుకోండి. ఆయన సొమ్ము ఆయన మందులకూ, ఆయన తిండికీ మొదట ఖర్చు కావాలి.

సేవ ఎవరి బాధ్యత?

సోదరులారా! ఒక్క చేదు నిజం వినండి. మన ఇళ్లలో పక్కబట్టలు మార్చేది, స్నానం చేయించేది, రాత్రి మేల్కొనేది సాధారణంగా కోడలే. కాని ఖుర్ఆన్ ఆ ఆజ్ఞ ఇచ్చింది సంతానానికి. కోడలు చేసేది ఆమె ఉపకారం, మీ మీద ఉన్న విధి మాత్రం మీదే. గల్ఫ్ నుంచి డబ్బు పంపే అన్న, పక్క వీధిలో ఉండే చెల్లెలు, అందరూ వంతులు వేసుకోండి. వారానికి ఒక పూటైనా ఆమెకు విశ్రాంతి ఇవ్వండి. సేవ చేసేవారి మనసు కుంగితే టెలిమానస్ 14416కు, వృద్ధుల సహాయానికి 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తల్లిదండ్రులను గాలికి వదిలేయడం 2007 చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం కూడా. ముస్లిముకు చట్టం కన్నా ముందు అల్లాహ్ ఎదుట నిలబడే రోజు గుర్తుండాలి.

ఆయనకు మీ పేరు గుర్తు లేకపోవచ్చు. ఆయన ఎవరో మీకు గుర్తుంది కదా! ఈ రాత్రి ఏడోసారి "ఇషా అజాన్ అయిందా?" అని వినిపించినప్పుడు, మొదటిసారి విన్నట్లే "అయింది అబ్బా" అని చెప్పండి. చిన్నతనంలో మీరు ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగారో, ఆయన ఎన్నిసార్లు జవాబిచ్చారో అల్లాహ్‌కు తెలుసు.

తల్లిదండ్రులు మనల్ని చిన్నతనంలో పెంచినట్లే వారిపై కరుణ చూపమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆ సేవకు తగిన ఓర్పును ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.