పాత యింటికి క్రొత్త పెరటి పంచ

మన గ్రామములలో కట్టి ఏబది అరువది యేండ్లు దాటిన పెంకుటిండ్లు ఇంకను పెక్కు నిలిచియున్నవి. వాని గోడలును నడిమి దూలములును చెక్కుచెదరకున్నను, పెరటివైపు పంచ మాత్రము ముందుగా పాడగుచున్నది. దీనినే కొన్ని తావుల వసారా యందురు. ఇది ముందుగా పాడగుట వింత కాదు. ఇంటి వెనుక వాలుపై బడిన నీరంతయు ఆ చూరునుండియే జారును. గిన్నెలు కడుగుట, స్నానము, పశువుల కుడితి, అన్నియు ఆ పంచలోనో దాని ప్రక్కనో జరుగును. వీధి అరుగునకు ఏటేట సున్నము వేయించువారు సైతము పెరటి స్తంభపు మొదలు వంగి చూడరు. తుదకొక వానకాలమున స్తంభము క్రుంగి పెంకులు జారినప్పుడు, దీనిని తీసివేసి క్రొత్తది కట్టింతమని తలపెట్టుదురు. అట్లు తలపెట్టిన సభ్యులకై ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఆ పంచలోనే ముసలివారు పగలెల్ల కూర్చుందురు, వేసవిలో పిల్లలు నిద్రింతురు, నూర్పిళ్లనాడు బస్తాలు దింపుదురు. కావున పని చిన్నదిగా తోచినను, చెడినచో కలుగు నష్టము చిన్నది కాదు.

పాతది ఏల చెడినదో తెలిసికొనక క్రొత్తదానికి కఱ్ఱ కొనరాదని మా దృఢాభిప్రాయము. చెడిన కారణము అచటనే యున్నయెడల క్రొత్త కఱ్ఱయు పాతకఱ్ఱ పోయిన త్రోవనే పోవును. ఒక ఉలిగాని సన్నని మేకుగాని చేతబట్టుకొని నాలుగు చోట్ల పరీక్షింపవలెను: స్తంభపు అడుగుభాగము, దూలపు కొన గోడలోనికి దూరినచోటు, చూరుదగ్గఱి వాసపు కొనలు, చీలలు కొట్టిన తావులు. మొన జున్నులో దిగినట్లు దిగినచో కఱ్ఱ కుళ్లినది. పైకి నున్నగ నుండి, సుత్తితో తట్టినప్పుడు డొల్లగా మ్రోగినచో లోపల చెదలు తినివేసినవి. కఱ్ఱలోని తడి నూటికి ఇరువది పాళ్లకు మించనంతవఱకు దానిని కుళ్లబెట్టు బూజు పెరుగజాలదు. కావున కుళ్లిన ప్రతిచోటను నీరు ఎటనుండియో వచ్చుచున్నదని నిశ్చయింపవచ్చును. పగిలిన పెంకా, పొంగిన తూమా, లోపలివైపు వాలిన నేలయా, గోడలోనుండి ఎక్కు చెమ్మయా అని వెదకి కనుగొనవలెను. మేము చూచినంతలో నేల వాలే ఎక్కువ తావుల దోషి. వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడెల్ల వీధి లేచి ఇల్లు పల్లమగుచున్నది. పెరటిలోను మట్టి, పేడ, బూడిద పేరుకొని నేల ఎత్తగును. వెనుకటి పెద్దలు ఎత్తుగా కట్టిన అరుగు నేడు నేలతో సమమై, నీరు బయటికి పోవుటకు మాఱు లోనికి వచ్చుచున్నది.

ఇక పాతదానిని విప్పుట. ఇందు ప్రాణాపాయమున్నది గనుక కొంచెము నిలిచి చెప్పెదము. పెక్కు పాత యిండ్లలో నడిమి కప్పు వాసములు గోడపై ఆగక, ఒకే కఱ్ఱగా పంచ దూలము దాక సాగివచ్చును. పంచ స్తంభమును తీసినచో ఆ వాసముల బరువంతయు ఊతలేక వ్రేలాడును. పెంకులు దింపకమునుపే స్తంభమును పెకలించు కూలీలు గలరు, వారిని వారింపవలెను. మొదట పంచమీదను, దానికి పైని మూడు నాలుగు వరుసలదాకను పెంకులు దింపి బరువు తగ్గింపవలెను. పిమ్మట గోడకు ఒకటి రెండడుగుల ఎడముగా, వాసముల క్రింద అడ్డముగా ఒక బలమైన పట్టెను చేర్చి, దానిక్రింద ఊతగుంజలు నిలుపవలెను. గుంజల అడుగున మందపు పలకలు వేయనిచో అవి తడినేలలో దిగిపోవును. ఊతలు బిగిసిన పిమ్మటనే పాత స్తంభములను ఒక్కొక్కటిగా తీయవలెను. ఆ దినములలో ఎవరును ఆ కప్పుక్రింద పరుండరాదు.

విప్పునప్పుడు రెండు విషపు దుమ్ములు గలవు. పాత స్తంభములకును తలుపులకును వేసిన రంగులలో సీసము ఉండుట కలదు. ఇంటి రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లకు మించరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు 1 నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అందుచే పాత రంగును పొడిగా గీకక, తడిపి గీకి, ఆ తుక్కును పిల్లలకును పశువులకును దూరముగా పూడ్పింపవలెను. రెండవది సిమెంటు రేకు. పాత సిమెంటు రేకులలో పెక్కింట ఆస్బెస్టాసు అను రాతినార కలిసియుండును. దాని పొడి ఊపిరితిత్తులలో జేరి ఏండ్ల తరువాత వ్యాధి పుట్టించును. రేకులను పగులగొట్టక, కోయక, నీటితో తడిపి పూర్తిగా దింపవలెను.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. పాత పంచను తీసి, దాని స్థానమున సిమెంటు కాంక్రీటు పలక వేయించి, దాని ఒక అంచును పాత గోడలో గుచ్చుట ఈ కాలమున వాడుకయైనది. ఇరువదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, నాలుగంగుళముల మందముగల పలక నాలుగున్నర టన్నులకు పైగా తూగును. అనగా డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు అరువదికి పైగా ఇంటికప్పుపై పేర్చినట్లు. అంతే వైశాల్యమునకు వాసములు, బద్దలు, బెంగుళూరు పెంకులు అన్నియు కలిసినను అందు మూడవవంతు కూడ కాదు. ఆ బరువులో సగము మోయవలసినది బంకమట్టితో పెట్టిన గోడ. దానికి పునాది ఎంతయున్నదో కట్టినవారికే తెలియును. మఱియు పలకకై గోడలో తొలిచిన గాడియే గోడకు నడుము విఱుచును. కాంక్రీటు చెడ్డదని మేము చెప్పుట లేదు. దాని కాళ్లపై అది నిలిచినచో మంచిదే. పాత గోడను కాలుగా చేసికొనుటయే కూడదు.

కావున పంచ పెంకుతో కట్టినను, రేకుతో కట్టినను, పలకతో కట్టినను, ముందు వరుస స్తంభములతోపాటు గోడప్రక్కను రెండవ వరుస స్తంభములు నిలుపుట శ్రేష్ఠము. నాలుగు స్తంభములు హెచ్చగును, నిజమే. కాని గోడ చల్లగానుండును. పాత యిల్లు ఏబది యేండ్లలో దిగవలసినంత దిగి స్థిరపడినది. క్రొత్త పంచ మొదటి రెండు మూడు వానకాలములలో కొంత దిగితీరును. రెంటిని బిగించి కట్టినచో ఒకదానినొకటి లాగి, కలిసినచోట బీటవాఱును. ఆ బీటలో నీరు దిగును. రెంటి నడుమ ఒక అంగుళము సందు విడువవలెను. పై చూరు పెంకులక్రింద జింకు రేకును చేర్చి, ఆ సందును దాటి క్రొత్త కప్పుపైకి వచ్చునట్లు వ్రేలాడదీయవలెను. ఆ రేకును పైయంచున మాత్రమే బిగింపవలెను. క్రింది యంచు కదలుటకు వీలుండవలెను.

అమెరికాలో నివసించు మన పిల్లల యిండ్ల వెనుక నేలకెత్తుగా కఱ్ఱపలకల అరుగులుండుట కొందఱు సభ్యులు చూచియే యుందురు. వానిని డెక్కు లందురు. అవి కూలుటకు ముఖ్యకారణము గోడకు పట్టెను చీలలతో మాత్రమే బిగించుటయని అచటి యింజనీర్లు చెప్పుదురు. దేశము వేఱైనను చీల గుణమొక్కటే: బరువు బయటికి లాగినప్పుడు అది మెల్లగా ఊడివచ్చును. మనయొద్దను స్థలము చాలక గోడకే పట్టెను బిగింపవలసివచ్చినచో, అది కాల్చిన ఇటుకగోడ యైనప్పుడు మాత్రమే చేయవలెను. గోడకావలికి పోవు బోల్టులు వేసి, లోపలివైపు వెడల్పు ఇనుపబిళ్లలు పెట్టి బిగింపవలెను. మట్టిగోడకు ఏ బోల్టును పనికిరాదు.

నేలనుబట్టి పునాది. గరపనేలలో చిక్కు లేదు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై అడుగులోతు పునాది వేసిన పంచ ఏటేట లేచి క్రుంగుచుండును. రేగడిని తగినంత లోతు తీసివేసి, ఇసుకను గ్రావెలును ఆఱంగుళముల వరుసలుగా పోసి, తడిపి, ఒక్కొక్క వరుసను దిమ్మిసతో గట్టిపఱచి, దానిపై పునాది లేపవలెను. అయితే గోడప్రక్కన త్రవ్వునప్పుడు పాత పునాది అడుగుకంటె లోతునకు పోరాదు; పోయినచో పాత పునాదిక్రింది మట్టి ప్రక్కకు జారి గోడ వ్రాలును. రేగడినేలలకై అడుగుభాగము ఉబ్బుగా వెడల్పుచేసిన కాంక్రీటు స్తంభపు పునాదులను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ప్రచారములోనికి తెచ్చిరి. మేడ కట్టువారికి అవి మేలు. పెంకు పంచకు అంత వ్యయము అక్కఱలేదు.

అరుగు లోపలి గదుల నేలకంటె మూడు నాలుగంగుళములు పల్లముగాను, గోడనుండి బయటికి అడుగునకు పావు అంగుళము వాలుగాను ఉండవలెను. అరుగు దాటిన పిమ్మట పెరటినేల పదడుగులకు అరడుగైన దిగవలెను. పేరుకొన్న మట్టిని త్రవ్వి పొలమునకు తోలించినచో ఈ వాలు దానంతట అది వచ్చును, పొలమునకును బలము. నాపరాయి పఱచుకొన్నచో కడుగుటకు సుకరము.

స్తంభమును ఎన్నడును నేలలో పాతరాదు. తొమ్మిదంగుళములకు తక్కువగాని రాతిదిమ్మెను నిలిపి, దానిలో ఇనుపచువ్వ నాటి, ఆ చువ్వపై స్తంభమును కూర్చుండబెట్టవలెను. చెదపురుగు వెలుగునకోర్వదు. అది నేలనుండి పైకెక్కుటకు మట్టిగొట్టము కట్టుకొనును. దిమ్మె బయలుగా నున్నచో ఆ గొట్టము కంటబడును, చీపురుతో దులుపవచ్చును; పాతిన స్తంభములో అది లోలోపలనే ఎక్కును. చెదల మందు వాడువారు బావికిని బోరునకును దూరముగా, నిర్ణయించిన మోతాదునే వాడవలెను. బి.హెచ్.సి. పొడియు ఆల్డ్రినును మన దేశమున నిషేధింపబడినవి. ఎవరి కొట్టులోనైన పాత డబ్బా మిగిలియున్నచో దానిని ఇంటిపనికి తేరాదు.

కఱ్ఱ విషయమున పేరుకంటె చేవ ముఖ్యము. టేకైనను పైని తెల్లకఱ్ఱను చెదలు తినును. నడిమి చేవయే ఓర్చును. తాడి దీనికి విరుద్ధము. దాని చేవ వెలుపల, మెత్తదనము లోపల. కనుకనే మన వడ్రంగులు లోపలి పీచును తొలిచివేసి పట్టెలు తీయుదురు. విప్పిన పాత దూలములలో కుళ్లినది రెండు మూడడుగులే యగును. మిగిలినదానిని కోసి పొట్టి స్తంభములకును గుమ్మములకును వాడుకొనవలెనే గాని, వంటచెఱకు ధరకు అమ్మివేయుట తెలివి కాదు. అంత ఎండిన కఱ్ఱ నేడు అడితిలో సులభముగ దొరకదు.

కప్పు వాలునుగూర్చి ఒక మాట. పంచ వెడల్పు పెంచవలెనని కోరిక; పెంచినకొలది చూరు క్రిందికి దిగి తలకు తగులును; తగులకుండుటకై వాలును తగ్గింతురు. అక్కడనే కురియుట ప్రారంభమగును. బెంగుళూరు పెంకునకు అడుగు పొడవునకు సుమారు ఏడంగుళముల వాలు, అనగా ముప్పది డిగ్రీలు, ఉండుట క్షేమము. అంత వాలు కుదరనిచో వెడల్పు తగ్గించుకొనవలెను, లేదా పెంకు మాని రేకు వేయవలెను.

గాలిని మఱువరాదు. మూడువైపుల గోడలేని పంచలోనికి దూరిన గాలి కప్పును క్రిందినుండి పైకెత్తును. 1977 నవంబరు 19న దివిసీమను, 1996 నవంబరు 6న కోనసీమను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన తుపానులను చూచినవారికి దీనిని వివరింప బనిలేదు. వాసమును దూలమునకు, దూలమును స్తంభమునకు, స్తంభమును దిమ్మెలోని చువ్వకు ఇనుపపట్టీలతో బోల్టులు వేసి కట్టవలెను. ఈ వరుసలో ఒక్క ముడి తప్పినను తక్కినవన్నియు వ్యర్థము.

పాత మట్టిగోడకు, సున్నపు గోడకు పంచవైపు సిమెంటు పూత పూయింపరాదు. గోడలోని చెమ్మ బయటికి పోజాలక లోపల నిలిచి, పూతను పొరలుగా ఊడదీయును. సున్నమును ఇసుకను కలిపి పూయించి, కొన్నాళ్లు తడి ఆఱనీయక కాపాడినచో గోడ ఊపిరి పీల్చును.

వ్యయమునకై పంటకని తెచ్చిన అప్పును ఇందులో దించుట మేము ఒప్పుకొనము. అది పంటతో తీర్పవలసినది, పంచ పంట పండదు. సొమ్ము చాలనిచో ఈ ఏడు నేలవాలును దిమ్మెలును, వచ్చు ఏడు కప్పును చేసికొనవచ్చును. పాత కప్పును ఊతలపై ఒక యేడు నిలుపదలచినవారు ఆ ఊతలను ఇటుకదిమ్మెలపై నిలిపి, ఇనుపపట్టీలతో బిగింపవలెను. ఒకే వీధిలో ఇద్దఱు ముగ్గురు కలిసి పెంకులను నాపరాళ్లను తెప్పించినచో బండి బాడుగ కలిసివచ్చును. నూర్పిళ్లు ముగిసిన వెంటనే పని మొదలుపెట్టి, రోహిణికార్తె వెళ్లులోపల కప్పు పూర్తిచేయవలెను. వడ్రంగి కూలిలో కొంత నిలిపియుంచుకొని, మృగశిరలో తొలివాన గట్టిగా కురిసిన దినమున గొడుగు పట్టుకొని పెరటిలో నిలిచి చూడవలెను: చుక్క ఎచట జాఱినది, నీరు ఎచట ఆగినది, జింకు రేకు క్రింద గోడ తడిసినదా యని. తడిసినచోట బొగ్గుతో గుర్తుపెట్టి, దానిని సరిచేయించిన పిమ్మట మిగిలిన కూలి నీయవలెను.