తువాలు కట్టుకున్న గురువు

విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో కంకిపాడు చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు చాలానే ఉన్నాయి. భక్తి అనగానే ఆ ఇళ్లలో గుర్తొచ్చేవి ప్రార్థన, వాక్యం, ఉపవాసం, కూటాలు. అంట్లు తోమడం, ఇల్లు ఊడవడం ఆ లెక్కలోకి రావు. పైగా అవి భక్తికి అడ్డు తగిలే పనులన్నట్టే మాట్లాడతారు. సువార్తలు అలా విడదీయవు. యోహాను 13వ అధ్యాయంలో గురువైన యేసే నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. ఆ రోజుల్లో అది దాసులు చేసే పని. 21వ అధ్యాయంలో మరణాన్ని గెలిచి లేచినవాడు సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి, రాత్రంతా వలలు వేసి అలసిన శిష్యులను తినడానికి పిలిచాడు. వంటపనితో ఆయన మహిమేమీ తగ్గలేదు.

మరి తన ఇంటికి యేసు వచ్చినప్పుడు వంటపనిలో మునిగిన మార్తను ఆయనే మందలించాడు కదా అంటారు. లూకా 10వ అధ్యాయం జాగ్రత్తగా చదివితే ఆయన తప్పుపట్టింది ఆమె కలవరాన్నే. యోహాను 12లో బేతనియ విందు దగ్గర మళ్లీ మార్తే వడ్డిస్తుంది, అక్కడ మందలింపు లేదు. పని మీద ఇష్టం ఉండి తీరాలని కూడా లేదు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కర్మెలీయుల మఠంలో వంట చేసిన బ్రదర్ లారెన్స్‌కు స్వతహాగా ఆ పని గిట్టేది కాదు. అయినా ప్రార్థనవేళ ఎంత దగ్గరగా దేవుణ్ణి తెలుసుకున్నాడో, గిన్నెల చప్పుడు మధ్యా అంతే దగ్గరగా తెలుసుకున్నాడు.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఇంటిచాకిరీకి పవిత్రత అంటగడితే ఆడవాళ్ల మీద బరువు ఇంకా పెరగదా? 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. పైగా మన సమాజం ఊడ్చే పనిని తరతరాలుగా కొన్ని కులాల మీద రుద్దింది. అలాంటివాళ్లకు చాకిరీ గొప్పదనం గురించి ఉపదేశించడం క్రూరత్వమే. కాళ్లు కడిగిన ఘట్టం చెప్పేదీ అది కాదు. అక్కడ వంగింది దాసుడు కాదు, వంగాల్సిన అవసరమే లేనివాడు. కాబట్టి ఆ పిలుపు ముందుగా తగిలేది వడ్డించినది తిని లేచిపోయేవారికి. చేయక తప్పని స్థితిలో ఉన్నవారికి అది ఇచ్చేది బోధ కాదు, గుర్తింపు, విశ్రాంతి.

వ్యక్తిత్వం కూడా ఈ ఇంటిపనిలోనే పదునెక్కుతుంది. వేదిక మీద సేవకు చప్పట్లుంటాయి. తోమిన గిన్నె రాత్రికి మళ్లీ అంట్లలో చేరుతుంది, దాని గురించి ఎవరూ సాక్ష్యం చెప్పరు. మెప్పు లేని పనిని శ్రద్ధగా చేయగలిగినవాడికి పొగడ్త మీద ఆధారపడే అలవాటు తగ్గుతుంది, ఎదుటివారి అలసట కంటికి ఆనుతుంది. ఆరాధన నుంచి ఇంటికొచ్చిన పెద్దమనిషి తన కంచం తానే కడిగి, భార్యను కాసేపు కూర్చోనిస్తే, ఆ ఆదివారం విన్న వాక్యం అతనికి అర్థమైనట్టే.