సెకండ్ హ్యాండ్ కెమెరా, లెన్స్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? కైరుప్పల పిడకల సమరంలో నేను నేర్చుకున్న పాఠం

15 వేలకే డీఎస్ఎల్ఆర్, 5 వేలకే లెన్స్, 500కే ట్రైపాడ్. ఆన్‌లైన్‌లో వాడిన కెమెరా సామాన్ల యాడ్లు చూస్తుంటే మంచి ఫోన్ కొనే డబ్బులో మొత్తం కిట్ వచ్చేలా అనిపిస్తుంది. నిజానికి వస్తుంది కూడా. కానీ ఇలా కొనేటప్పుడు మనకు ఉండే భయం ఒక్కటే: అమ్మేవాడు మోసం చేస్తాడేమో అని. నా అనుభవం వేరు. నేను కొన్న మొదటి లెన్స్ విషయంలో అమ్మినతను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. లెన్స్‌లో ఏ లోపమూ లేదు. అయినా నాకు ఆ ఏడాది పండగ ఫోటోలన్నీ పోయాయి.

ముందు అసలు ఏం జరిగిందో చెప్తాను. తర్వాత ఏం చూసుకోవాలో వరుసగా చూద్దాం.

ఏం జరిగింది?

కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలో కైరుప్పల అనే ఊరుంది. మా మామ వాళ్ళ ఊరు. అక్కడ ఉగాది మరుసటి రోజు సాయంత్రం పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామి, అమ్మవారి మధ్య ప్రేమ, పెళ్లి విషయంలో వచ్చిన తగాదాకు గుర్తుగా ఊరు రెండు వర్గాలుగా విడిపోయి ఒకరి మీద ఒకరు పిడకలు విసురుకుంటారు. దుమ్ము లేచి ఎదుటి మనిషి కూడా సరిగ్గా కనిపించడు. అరగంటో, కాస్త ఎక్కువో. అంతే. మిస్ అయితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇంతకు ముందు ఫోన్‌తో ట్రై చేశాను. పిడకలు తగలకుండా మిద్దె మీద నిలబడి జూమ్ చేస్తే మొహాలు పేస్ట్ అయిపోయేవి. అందుకే 2023 ఉగాదికి ముందు వాడిన నికాన్ డీ3200 బాడీ, కిట్ లెన్స్ కలిపి 13 వేలకు తీసుకున్నా. 24 మెగాపిక్సెల్, 2012 నాటి మోడల్, కండిషన్ బాగుంది. దానికి తోడు 5,500కి నికాన్ 50ఎంఎం ఎఫ్/1.8డీ లెన్స్ కొరియర్‌లో తెప్పించుకున్నా. గీత కూడా లేదు. భలే బేరం అనుకున్నా.

లెన్స్ తగిలించి ఫోటో తీస్తే ఆటో ఫోకస్ పని చెయ్యలేదు. పాడైందేమో అని అమ్మినతనికి ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి ప్రశ్న, "మీ బాడీ ఏది బ్రదర్?" అప్పుడు తెలిసింది. నికాన్‌లో పాత 'ఏఎఫ్', 'ఏఎఫ్-డీ' లెన్స్‌లలో మోటార్ ఉండదు. ఫోకస్ తిప్పే మోటార్ కెమెరా బాడీలో ఉండాలి. డీ90, డీ7000 లాంటి బాడీలలో అది ఉంటుంది. డీ3000, డీ5000 సిరీస్ చిన్న బాడీలలో ఉండదు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

పండగకు రెండు రోజులే టైం. చేత్తో ఫోకస్ చేద్దాంలే అనుకున్నా. వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరితే చిన్న చుక్క వెలుగుతుంది. కూర్చున్న మనిషికి అది చాలు. పరిగెత్తుతూ పిడక విసిరే మనిషికి, దుమ్ములో, ఎఫ్/1.8 దగ్గర చాలదు. మా మామ ముందు వరసలో ఉన్నాడు. ఆయన ఫోటోలు నలభై దాకా తీశా. ఒక్కటి కూడా షార్ప్‌గా రాలేదు. రాత్రి అన్నం దగ్గర, "ఏం అల్లుడూ, నా పోటో యాడుందీ?" అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు.

అప్పట్నించి ఏది కొన్నా మూడు ప్రశ్నలు, ఇదే వరుసలో వేసుకుంటున్నా. ఇది నా పనికి సరిపోతుందా? ఇది బాగుందా? ఇది అమ్మేవాడిదేనా? మనలో చాలామంది రెండో ప్రశ్నతో మొదలుపెడతాం. తప్పు అక్కడే.

1. నా పనికి, నా బాడీకి సరిపోతుందా?

యాడ్ తెరిచే ముందే రాసుకోండి: ఏం తియ్యాలి, ఎంత దూరం నుంచి, ఎంత వెలుగులో. నా కేసులో మిద్దె మీద నుంచి, సాయంత్రం వెలుగులో, కదిలే మనుషులు. అంటే కావాల్సింది దూరం లాగే జూమ్, చురుకైన ఆటో ఫోకస్. నేను కొన్నది 50ఎంఎం. అందరూ "ఫస్ట్ అదే కొను" అంటారు కాబట్టి కొన్నా. పోర్ట్రెయిట్‌కి అది సూపర్ లెన్స్, కాదనను. నా పనికి కాదు.

తర్వాత మ్యాచింగ్. ఇవి గుర్తుపెట్టుకోండి:

నికాన్ చిన్న బాడీ ఉంటే లెన్స్ పేరులో 'ఏఎఫ్-ఎస్' ఉందో లేదో చూడండి. అందులో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. 'ఏఎఫ్-పీ' అని ఇంకో కొత్త రకం ఉంది. చవకగా దొరుకుతుంది, మోటార్ కూడా ఉంటుంది, కానీ డీ3200 లాంటి పాత బాడీల మీద ఫోకస్ అవ్వదు. తగులుకుంటుంది కాబట్టి పని చేస్తుందని అనుకోవద్దు.

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో ఈ మోటార్ గొడవ లేదు, ఈఎఫ్ లెన్స్‌లన్నిటిలో మోటార్ లోపలే ఉంటుంది. కానీ 'ఈఎఫ్-ఎస్' లెన్స్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగలదు. కెనాన్ మిర్రర్‌లెస్‌కి మౌంట్ వేరు, డీఎస్ఎల్ఆర్ లెన్స్ వాడాలంటే అడాప్టర్ ఖర్చు కలుపుకోవాలి.

ఇక అసలు బడ్జెట్. యాడ్‌లో రేటు ఒక్కటే కాదు. బ్యాటరీ వీక్ అయితే కొత్తది, చార్జర్ లేకపోతే అది, మెమరీ కార్డు, కొరియర్. ఇవన్నీ కలిపాక కూడా చవకే అయితేనే చవక.

2. సరుకు బాగుందా?

షటర్ కౌంట్: బైక్‌కి కిలోమీటర్లు ఎలాగో కెమెరాకి ఇది అలాగ. డీ3200, కెనాన్ 700డీ లాంటి ఎంట్రీ లెవెల్ బాడీల షటర్‌ను కంపెనీలు లక్ష క్లిక్‌ల వరకు టెస్ట్ చేసి అమ్మాయి. లక్ష దాటగానే చచ్చిపోతుందని కాదు, లోపు గ్యారంటీ అనీ కాదు, ఒక అంచనా. నికాన్ అయితే ఈరోజు తీసిన ఒరిజినల్ జేపెగ్ ఫైల్ పంపమనండి, కౌంట్ దాని ఎగ్జిఫ్ డేటాలోనే ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ డేటా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనాలి. కెనాన్ 700డీ లాంటి వాటిలో కౌంట్ ఫోటోలో ఉండదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి.

ఇంకో మాట. పెళ్లి వీడియోలకి వాడిన కెమెరాలో కౌంట్ తక్కువే చూపించొచ్చు. గంట వీడియో తీసినా క్లిక్‌లు పెద్దగా పెరగవు. ఆదోని, ఎమ్మిగనూరులో సీజన్ అయిపోయాక ఇలాంటివి అమ్మకానికి వస్తుంటాయి. కౌంట్‌తో పాటు రబ్బర్ గ్రిప్, బటన్ల అరుగుదల, స్క్రూల మీద గీతలు కూడా చూడండి. స్క్రూ గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

సెన్సార్: అపర్చర్ ఎఫ్/16 పెట్టి తెల్ల గోడనో, ఆకాశాన్నో ఫోటో తీసి జూమ్ చెయ్యండి. మసక చుక్కలు దుమ్ము, క్లీన్ చేయిస్తే పోతుంది. గీతలుంటే వదిలెయ్యండి. తర్వాత క్యాప్ పెట్టి ఒక సెకను ఎక్స్‌పోజర్ తియ్యండి. రెండు మూడు రంగు చుక్కలు పర్లేదు, చల్లినట్టు ఉంటే వద్దు.

లెన్స్: ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాగా సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్. మన వైపు పొడి ఊళ్ళలో తక్కువ కానీ సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి, బ్యాగులో ఏళ్ళ తరబడి మూలన పడేసిన లెన్స్‌లలో జాగ్రత్త. లోపల నాలుగు దుమ్ము రేణువులుంటే కంగారు పడొద్దు. ముందు అద్దం మీద చిన్న గీత కన్నా వెనక అద్దం మీద గీత ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆటో ఫోకస్ దగ్గరికీ దూరానికీ మార్చి మార్చి టెస్ట్ చెయ్యండి. జూమ్ తిప్పితే ఇసుక గరగర వినిపిస్తే పక్కన పెట్టండి.

యాక్సెసరీలు: ట్రైపాడ్, బ్యాగ్, ఫిల్టర్ సెకండ్ హ్యాండ్‌లో హాయిగా కొనొచ్చు. బ్యాటరీ తియ్యడానికి ఇరుక్కుంటుంటే ఉబ్బింది, వాడొద్దు. ఫిలిం కాలం నాటి పాత ఫ్లాష్‌లు 300కి, 400కి కనిపిస్తాయి. వాటిలో కొన్ని వదిలే వోల్టేజ్ డిజిటల్ బాడీని కాల్చేయగలదు. మెమరీ కార్డు మాత్రం కొత్తదే కొనండి. 16 జీబీ కార్డుని 64 అని చూపించే నకిలీలు ఉన్నాయి. నిండేదాకా తెలియదు, నిండేది పండగ మధ్యలోనే.

3. అమ్మేవాడిదేనా? డబ్బు ఎలా ఇవ్వాలి?

ఫోన్‌కి ఐఎంఈఐ ఉంది, పోతే బ్లాక్ చేయించొచ్చు. కెమెరాకి అలాంటి ఏర్పాటు లేదు. అందుకే దొంగ సరుకు తేలిగ్గా చేతులు మారుతుంది. బాడీ కింద సీరియల్ నంబర్ ఉంటుంది. వీడియో కాల్‌లో చూపించమనండి, ఫోటో డేటాలో ఉన్న నంబర్‌తో, బిల్లు మీద నంబర్‌తో సరిపోల్చండి. బిల్లు లేకపోతే ఎక్కడ కొన్నారు, ఎందుకు అమ్ముతున్నారు అని మామూలుగా మాట కలపండి. సొంతదైతే రెండు నిమిషాలు ఆ కెమెరా గురించి చెప్పగలుగుతారు.

వీలైనంత వరకు బస్సు దూరంలో ఉన్న అమ్మకందారుని వెతకండి. హైదరాబాద్ వాడి దగ్గర 500 తక్కువ అని కొరియర్‌లో తెప్పించుకోవడం కన్నా కర్నూలు, గుంతకల్లు, బళ్ళారి, రాయచూరు వెళ్లి చేత్తో చూసి తెచ్చుకోవడం మేలు. పగటి పూట, రైల్వే స్టేషన్ బయట టీ కొట్టు లాంటి చోట కలవండి. మీ బాడీ, కార్డు, చార్జ్ చేసిన బ్యాటరీ తీసుకెళ్ళండి. ఇరవై నిమిషాలు టెస్ట్ చేస్తానంటే చిరాకు పడేవాడి దగ్గర కొనకండి.

"ఆర్మీలో పని చేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయ్యింది, అడ్వాన్స్ పంపితే పార్సెల్ వేస్తా" అనేది పాత కథ, ఇప్పటికీ నడుస్తోంది. ఐడీ కార్డు ఫోటో పంపినా నమ్మొద్దు. మీరు అమ్మేటప్పుడు కూడా జాగ్రత్త: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ స్కాన్ చెయ్యాల్సిన పని లేదు. పిన్ అడిగితే మీ డబ్బు పోతోందని అర్థం. పొరపాటున పోతే సిగ్గు పడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే ఛాన్స్ అంత ఎక్కువ.

కొరియర్ తప్పకపోతే పార్సెల్ కట్ చేసే ముందు నుంచి ఆపకుండా వీడియో తియ్యండి. ఆ రోజే అన్ని టెస్టులూ చెయ్యండి. పండగకి ముందు రోజు కాదు, కనీసం మూడు వారాల ముందు.

మళ్ళీ కైరుప్పల

ఆ 50ఎంఎం లెన్స్‌ని డీ7000 ఉన్న ఒకతనికి, అన్ని వివరాలూ చెప్పి, 500 నష్టానికి అమ్మాను. మంచి లెన్స్ కాబట్టి పోయింది 500 మాత్రమే. దాని బదులు గుంతకల్లు వెళ్లి వాడిన ఏఎఫ్-ఎస్ 55-200ఎంఎం వీఆర్ జూమ్ తీసుకున్నా. వెళ్ళే ముందే నా బాడీ పేరు చెప్పి అడిగా. అక్కడే నిలబడి రోడ్డు మీద పోయే ఆటోల మీద ఫోకస్ టెస్ట్ చేశా.

2024లో ఉగాది ఏప్రిల్ 9. పదో తేదీ సాయంత్రం మిద్దె మీద నిలబడ్డా. కెమెరాకి పాలిథిన్ కవర్ చుట్టి రబ్బర్ బ్యాండ్ వేశా, లెన్స్ మార్చకూడదని ముందే అనుకున్నా, ఎందుకంటే ఆ దుమ్ములో మౌంట్ తెరిస్తే సెన్సార్ మీదికే పోతుంది. షటర్ స్పీడ్ 1/1000, వెలుగు తగ్గే కొద్దీ ఐఎస్ఓ 1600 దాకా పెంచా. గ్రెయిన్ ఉంది. కానీ గాల్లో పిడక, విసిరిన చెయ్యి, వెనక లేచిన దుమ్ము, అన్నీ షార్ప్‌గా వచ్చాయి.

మా మామ మాత్రం ఆ ఏడాది కిందకి దిగలేదు. భుజం నొప్పి. ఇకమీదట కూడా దిగలేనన్నాడు. నా పక్కనే నిలబడి స్క్రీన్ మీద ఒక్కో ఫోటో చూసి, "బాగున్నాయి అల్లుడూ" అన్నాడు. పిడక చేత్తో పట్టుకున్న ఆయన ఫోటోలు నా దగ్గర నలభై ఉన్నాయి, అన్నీ మసకే. వాటిని డిలీట్ చెయ్యలేదు.

5,500 పెట్టే ముందు "నా బాడీ డీ3200, దీనికి ఆటో ఫోకస్ వస్తుందా?" అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది. మీరు పెట్టండి.